కాగడా వెలుగుకు పుట్టిన నటన

పద్యనాటకం వీడియో ఏదైనా ఇంట్లో పెట్టి చూడండి. రెండు నిమిషాలు గడవకముందే పక్కనుంచి ఎవరో ఒకరు ‘ఓవర్ యాక్షన్’ అంటారు. బుగ్గల మీద దట్టంగా గులాబీ రంగు, చెవుల దాకా సాగిన కనుబొమ్మలు, పాదం పాదానికీ చివర సాగే రాగం, చెయ్యి ఎత్తితే ఆకాశాన్ని అందుకుంటున్నట్టు ఎత్తడం. ఈ కాలపు కంటికి అదంతా మోతాదు మించినట్టే ఉంటుంది. అసలు ‘నాటకీయంగా ఉంది’ అన్న మాటే మన భాషలో నిందగా స్థిరపడిపోయింది. నాటకాల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి అది విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది.

ఆ వీడియోలో మూడు కాలాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నటుడి ముఖం మీది రంగు, చేతుల విసురు ఒకనాటి వెలుగు కోసం తయారైనవి. మీద పడుతున్న ఎల్‌ఈడీ దీపం ఈనాటిది. కెమెరా ఏమో యాభై అడుగుల అవతల నుంచి చూడాల్సిన ముఖాన్ని జానెడు దూరానికి లాక్కొచ్చి చూపిస్తోంది. ఈ మూడింటికీ పొత్తు కుదరకపోతే తప్పు మాత్రం నటుడి నెత్తిన పడుతోంది.

ఏ దేశపు నాటకాన్నైనా, ఏ కాలపు నాటకాన్నైనా చూసేటప్పుడు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దీపం ఎక్కడుంది? ఆఖరి ప్రేక్షకుడు ఎంత దూరంలో కూర్చున్నాడు? ఈ రెండూ తెలిస్తే వేషం అలా ఎందుకుంది, గొంతు అలా ఎందుకు సాగుతోంది, ఆట తెల్లవారేదాకా ఎందుకు నడిచేది అన్న చిక్కుముళ్ళు చాలావరకు విడిపోతాయి.

రెండో ప్రశ్నకు మన దగ్గర చాలా పాత జవాబుంది. భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయమంతా నాట్యమండపం గురించే. మనుషుల కోసం కట్టే మండపం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు ఉంటే చాలంటుంది. హస్తమంటే మన మూర, దాదాపు అడుగున్నర. అంటే 96 అడుగులకు 48 అడుగులు. అందులో ముందు సగం ప్రేక్షకులకు, వెనక సగం రంగానికీ, నటులు వేషం వేసుకునే నేపథ్యగృహానికీ. లెక్క వేసి చూస్తే అందరికంటే వెనక కూర్చున్న మనిషి రంగానికి 48 అడుగుల దూరంలో ఉంటాడు. ఇంతకంటే పెద్దది ఎందుకు కట్టకూడదో కూడా ఆ గ్రంథం చెప్పింది: మాట స్పష్టంగా వినపడదు, ముఖంలోని భావం కనపడదు. మండపం కొండగుహలా ఉండాలని, కిటికీలు చిన్నవై గాలి జొరబడకూడదని, అప్పుడే గొంతు గంభీరంగా నిలుస్తుందని కూడా అంది. గాలి ఆడని గుహలో దీపశిఖ కూడా కదలదు కదా అని నాకనిపిస్తుంది. శాస్త్రం చెప్పిన కారణం మాత్రం గొంతే.

దీనికి పూర్తిగా అటువైపు గ్రీకుల నాటకశాల ఉంది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో ఎపిడారస్‌లో కొండవాలుకు కట్టిన రాతి మెట్ల రంగశాలలో పధ్నాలుగు వేల మంది దాకా కూర్చోవచ్చు. పై మెట్టు మీద ఉన్నవాడికి నటుడు బొటనవేలంత. సూర్యుడే దీపం. అక్కడ కనురెప్ప కదిపి ప్రయోజనం లేదు కాబట్టి వాళ్ళు ముఖాన్నే వదిలేసి ముసుగు తొడిగారు. భావమంతా నిలబడే తీరులోకి, గొంతులోకి, బృందగానంలోకి పోయింది. భరతుడి మండపంలో ముఖం రాజు, ఎపిడారస్‌లో ముఖం బొమ్మ. ఈ తేడాకు దూరం ఒక్కటే కారణమని అనను కానీ, దూరాన్ని పక్కనపెట్టి ఆ ముసుగును అర్థం చేసుకోవడం కష్టం.

లండన్‌లో 1599లో కట్టిన గ్లోబ్ నాటకశాల కూడా పగటి వెలుగుదే. పైకప్పు మధ్యలో ఖాళీ, మధ్యాహ్నం ఆటలు. హత్య జరిగే అర్ధరాత్రి సీను ఎండలోనే ఆడాలి. అందుకే షేక్‌స్పియర్ పాత్రలు నక్షత్రాల గురించి, చీకటి గురించి అంతగా మాట్లాడతాయి. చేతిలో వెలుగుతున్న కాగడాతో పాత్ర వచ్చిందంటే అది రాత్రి అని జనానికి తెలిసిపోయేది. మన దగ్గర ఈ పగటి వెలుగు ఏకంగా కళకు పేరే పెట్టింది: పగటివేషాలు. తెర లేదు, రంగం లేదు, ఇంటి అరుగు ముందుకే వేషం వచ్చి నిలబడుతుంది. చూసేవాడు మూరెడు దూరంలో ఉంటాడు, నడినెత్తిన ఎండ ఉంటుంది, దాచడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ వేషగాళ్ళ బలమంతా మాటలో, యాసలో, మనిషిని అచ్చంగా దించేయడంలో ఉంటుంది.

రాత్రి ఆటల సంగతి వేరు.

కేరళ గుళ్ళలోని నాటకశాలలైన కూత్తంబలాల్లో కూడియాట్టం అనే సంస్కృత నాటకం ఆడేటప్పుడు రంగం ముందు పెద్ద కంచు దీపం ఉంటుంది. మూడు వత్తులు. రెండు నటుడి వైపు, ఒకటి ప్రేక్షకుల వైపు. దీపానికి రెట్టింపు దూరం జరిగితే వెలుగు పావు వంతుకు పడిపోతుంది. మూడింతలు జరిగితే తొమ్మిదో వంతే మిగులుతుంది. అంటే ఆ దీపం ముందు నాలుగైదు అడుగుల చోటే అసలు రంగం. అక్కడ నిలబడి నటుడు కళ్ళతో ఒక కొండను ఎక్కుతాడు, ఒక తామరపువ్వును విప్పుతాడు. గంటలకొద్దీ కదలకుండా కంటితోనే కథ నడపడం ఆ దీపం దగ్గర తప్ప ఇంకెక్కడా పుట్టేది కాదేమో. గడ్డం చుట్టూ కట్టే ‘చుట్టి’ అనే తెల్లటి అంచు ముఖానికి చట్రంలా నిలబడి, కిందనుంచి వచ్చే ఆ కాస్త వెలుగునూ పట్టుకుంటుంది.

మన కూచిపూడి భాగవతులు, వీధినాటకాలవాళ్ళు దీపాన్ని ఒకచోట పాతలేదు. మోయించారు. కాగడాలు పట్టుకున్నవాళ్ళు పాత్రకు అటూ ఇటూ నిలబడి పాత్రతో పాటే కదిలేవారు. నటుడి వెంటే తిరిగే ఇప్పటి ఫాలో స్పాట్ దీపం చేసే పనిని అప్పుడు మనిషే నడిచి చేసేవాడు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక పాత్ర నిలబడి ఉంటుంది, పాత్ర రాకకు పాడే ప్రవేశ దరువు మొదలవుతుంది, సత్యభామ అయితే జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది. ఉగ్రపాత్ర అయితే కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లేవారు. ముద్దగా ఉన్న గుగ్గిలం నెమ్మదిగా పొగలు కక్కుతుంది. అదే మెత్తగా దంచి గాలిలోకి చల్లితే రేణువు రేణువుకూ ఒకేసారి నిప్పంటుకుని భగ్గున మంట లేస్తుంది. తెర తప్పుకోవడం, మంట లేవడం, హిరణ్యకశిపుడు కనపడటం ఒక్క క్షణంలో జరగాలి. కాగడా పట్టిన మనిషికి తాళం తెలియకపోతే ప్రవేశమంతా పాడైపోతుంది. ఆ మనుషుల పేర్లు మనం ఎక్కడా రాసుకోలేదు.

ఇక ఆ రంగుల సంగతి. మంట వెలుగులో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ, నీలం చాలా తక్కువ. నూనె కాగడా ముందు నీలం బట్ట నల్లగా కనిపిస్తుంది. పసుపు మాత్రం బంగారంలా మెరుస్తుంది. భాగవతులు, చిందువాళ్ళు ముఖానికి అర్దళం ఎందుకు పూశారో ఇక్కడ అర్థమవుతుంది. అర్దళం పసుపు వన్నె ఉన్న ఖనిజం, మంట ముందు అది వెలుగును పీల్చుకోకుండా తిప్పికొడుతుంది. అందులో ఆర్సెనిక్ ఉంటుంది కాబట్టి ఒంటికి మంచిది కాదు. అయినా తరాల తరబడి అదే పూసుకున్నారు. కిరీటాలకు, భుజకీర్తులకు తేలిక కర్ర మీద బంగారు కాగితం, అద్దం ముక్కలు అంటించడం కూడా ఈ లెక్కలోదే. నిలకడైన ట్యూబ్‌లైటు కింద ఆ అద్దం ముక్క ఒట్టి అద్దం ముక్కే. కాగడా మంట క్షణక్షణం ఊగుతుంది కాబట్టి దాని ముందు అది రత్నమయ్యేది. ఇప్పుడు మ్యూజియంలో గాజు వెనక పెట్టిన కిరీటాన్ని చూసి ‘ఇంతేనా’ అనుకుంటాం. పక్కన ఉండాల్సిన మంట లేదు మరి.

తోలుబొమ్మలాటలో దీపం మరీ విచిత్రమైన చోటికి వెళ్ళింది. బొమ్మ వెనక్కి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలును వెలుగు దూరేంత పల్చగా గీకి, రంగులద్ది, బొమ్మలు చేస్తారు. నగలను రంగుతో వేయరు, తోలుకు సన్నటి రంధ్రాలు పొడుస్తారు. ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే సీతమ్మ మెడలో హారం. ఆముదం దీపం ముందు బొమ్మను కదపకుండా పట్టుకున్నా శిఖ ఊగుతుంది కాబట్టి తెర మీద బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. దీపం పోయి కరెంటు బల్బు వచ్చాక గీత స్పష్టమైంది, ఊపిరి పోయింది. ఆ లోటు తీర్చడానికి ఆడించేవాళ్ళు చేతిని ఎక్కువ కదపాల్సి వస్తోంది.

రాత్రి ఆటలు తెల్లవారేదాకా ఎందుకు సాగేవని చాలామంది అడుగుతారు. పొలం పని అయ్యాక తిన్న జనం వస్తారు. పొరుగూళ్ళవాళ్ళు అర్ధరాత్రి చీకట్లో పుట్టలు గట్లు దాటి వెనక్కి వెళ్ళలేరు. వాళ్ళు తెల్లవారాక బయల్దేరాలంటే అప్పటిదాకా ఆట నడవాలి. భక్తి, కథ మీద మక్కువ ఎలాగూ ఉన్నాయి. దారిలో దీపం లేకపోవడం కూడా ఒక కారణమేనని నా నమ్మకం.

ప్రేక్షకుణ్ణి చీకట్లో కూర్చోబెట్టడం

యూరప్‌లో నాటకం ఇంటిలోపలికి వెళ్ళాక కొవ్వొత్తుల కాలం మొదలైంది. 1638లో ఇటలీవాడు నికోలా సబ్బత్తీని రాసిన పుస్తకంలో వెలుగు తగ్గించే పద్ధతి ఉంది. ప్రతి దీపం మీదా ఒక రేకు డబ్బా వేలాడుతుంటుంది, తాళ్ళన్నీ ఒకేసారి వదిలితే డబ్బాలు దిగి దీపాలను కప్పేస్తాయి. రంగం మీద ఆ మాత్రం చేయగలిగారు కానీ ప్రేక్షకుల నెత్తిన వేలాడే కొవ్వొత్తుల గుత్తులను ఆర్పడం కుదరదు. వందల కొవ్వొత్తులను ఆర్పి మళ్ళీ అంకం మధ్యలో వెలిగించేదెవరు? కాబట్టి ఆటంతసేపూ జనం మీద వెలుగే. ఒకరికొకరు కనపడుతుంటారు, పలకరించుకుంటారు, నటుణ్ణి కేకలేసి మెచ్చుకుంటారు, నచ్చకపోతే అరుస్తారు. నాటకం అప్పటికి ఒక సంత లాంటి సందడి.

1817లో లండన్‌లోని డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ నాటకశాలలకు గ్యాస్ దీపాలు వచ్చాయి. గొట్టాలన్నీ ఒకచోట చేర్చి మరలు పెట్టారు. ఒక్క మనిషి మర తిప్పితే శాల మొత్తం మసకబారుతుంది. ఇంతకు ముందెప్పుడూ లేని అధికారం అది. దాన్ని చివరిదాకా లాగినవాడు జర్మన్ సంగీతకారుడు వాగ్నర్. 1876లో బైరాయిట్‌లో తను కట్టించిన శాలలో ప్రేక్షకుల వైపు చీకటి చేసేశాడు. వాద్యబృందాన్ని గోతిలో దాచేశాడు. పక్కవాడు కనపడకపోతే మనిషి నోరు దానంతటదే మూసుకుంటుంది. ‘నాటకాన్ని నిశ్శబ్దంగా చూడాలి’ అన్న మర్యాద మనకు సనాతనంగా అనిపిస్తుంది కానీ దాని వయసు ఆ గ్యాస్ మర కంటే పెద్దది కాదు.

ఆ మంటలకు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. 1881 డిసెంబర్ 8న వియన్నాలోని రింగ్ థియేటర్ తగలబడి వందల మంది చనిపోయారు. అదే నెల 28న లండన్ సెవాయ్ థియేటర్ యజమాని రిచర్డ్ డాయిలీ కార్ట్ రంగం మీదికొచ్చి, వెలుగుతున్న కరెంటు బల్బును పల్చటి గుడ్డలో చుట్టి జనం ముందే పగలగొట్టాడు. గుడ్డ కాలలేదు. శాల మొత్తం కరెంటు దీపాలతో నడిచే థియేటర్ అదే మొదటిది. ఇరవై రోజుల తేడాతో జరిగిన ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పగిలిన బల్బు చప్పుడు ఆనాటి ప్రేక్షకులకు ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. కరెంటు వచ్చినంత మాత్రాన ప్రమాదం పోలేదు. 1903లో షికాగోలోని ఇరోక్వా థియేటర్‌లో ఒక ఆర్క్ దీపం నుంచి తెరకు నిప్పంటుకుని 602 మంది పోయారు. ఈనాడు హాళ్ళలో తలుపులు బయటికి తెరుచుకోవాలన్న నియమాల వెనక అలాంటి రాత్రులున్నాయి.

తెరలు, పెట్రోమాక్సు, రాగం

సరిగ్గా ఇదే రోజుల్లో తెలుగు నేల మీద ఆధునిక నాటకం కళ్ళు తెరుస్తోంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వచ్చి ఆడిన నాటకాలు ఇక్కడివాళ్ళను కదిలించాయి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలాడించారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు సమాజాలు పెట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో సురభి నాటక సమాజం మొదలైంది.

వీళ్ళతో పాటు వచ్చిన కొత్త వస్తువు రంగులు వేసిన తెర. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, ఉద్యానవనం తెర. కర్రకు చుట్టి, తాడు లాగితే లేస్తుంది, వదిలితే దిగుతుంది. దూరంగా పోయే స్తంభాల వరస, వాటి నీడలు అన్నీ చిత్రకారుడే వేసేస్తాడు. ఇక్కడొక మెలిక ఉంది. చిత్రంలోని నీడ ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. వెలుగు ఎదురుగా, అన్ని వైపులా సమంగా పడుతున్నంతకాలం కన్ను దాన్ని నమ్ముతుంది. పక్కనుంచి బలమైన స్పాట్ వేశారా, నటుడి అసలు నీడ ఒకవైపు, స్తంభాల బొమ్మనీడ ఇంకోవైపు పడి, దర్బారు కాస్తా గుడ్డ అయిపోతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన అడాల్ఫ్ అప్పియా పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఈ సంగతి పట్టుకుని, బొమ్మ తెరను తీసేయమని, మెట్లు, దిమ్మెల మీద వెలుగునీడలతోనే రంగాన్ని కట్టమని వాదించాడు. ఆధునిక నాటకంలో తెర మాయమవడానికి అభిరుచి మారడం కంటే దీపం పక్కకు జరగడమే బలమైన కారణమనుకుంటాను.

మన ఊళ్ళకు ఆ స్పాట్ రావడానికి చాలా కాలం పట్టింది. మధ్యలో ఏలింది పెట్రోమాక్సు లైటు. కిరసనాయిలును గాలి ఒత్తిడితో ఆవిరి చేసి మ్యాంటిల్ అనే చిన్న వలసంచి లోపల మండిస్తే తెల్లటి వెలుగు, దాంతో పాటు ఆగని బుస. గాలి తగ్గితే లైటు ఎర్రబడుతుంది. ఎంత గొప్ప సీను నడుస్తున్నా ఎవరో ఒకరు రంగం మీదికొచ్చి పంపు కొట్టి వెళ్ళాల్సిందే. ఆ తెల్లవెలుగుకు అర్దళం పసుపు నప్పలేదు. పౌడరు, గులాబీ రంగు, కాటుకలు ముందుకొచ్చాయి. ఎదురు వెలుగులో ముఖం చదునుగా కనపడుతుంది కాబట్టి ముక్కు, బుగ్గ, కనుబొమ్మ ఎక్కడున్నాయో గీసి చెప్పాలి. ఈనాటి వీడియోలో మనకు మోటుగా అనిపించే ఆ గులాబీ బుగ్గలు అప్పుడు అంత దూరం నుంచి చూసేవాడికి ముఖాన్ని తిరిగి ఇచ్చాయి.

గొంతుదీ అదే కథ. మైకు లేదు. ఆరుబయట వేలమంది. పెట్రోమాక్సు బుస, పిల్లల ఏడుపు, వేరుశనక్కాయలవాడి కేక. హల్లులు దూరం పోయేసరికి చచ్చిపోతాయి, సాగిన అచ్చు మాత్రం గాలి మీద తేలుతూ చివరి వరస దాకా చేరుతుంది. పద్యపాదం చివర రాగం తీయడం, హార్మోనియం శ్రుతిని పట్టి ఉంచడం, ఇవన్నీ పాండిత్య ప్రదర్శనకు మాత్రమే కాదు, మాట మోసుకెళ్ళడానికి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు జనానికి కంఠస్థం కావడంలో ఆ రాగానికి పెద్ద వాటా ఉంది. జనం మీద కూడా వెలుగు ఉండేది కాబట్టి ‘వన్స్ మోర్’ అని లేచి అరిచినవాణ్ణి నటుడు చూసేవాడు, వాడి కళ్ళలోకి చూస్తూ పద్యం మళ్ళీ అందుకునేవాడు.

నటుడు బళ్ళారి రాఘవ రాగాలను తగ్గించమన్నారు, సహజంగా మాట్లాడమన్నారు, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలన్నారు. అటువైపు స్థానం నరసింహారావు స్త్రీ పాత్రల్లో చీర కట్టు, నడక, చూపుతో జనాన్ని మైమరపించారు. వీళ్ళిద్దరిలో ఎవరు గొప్ప అన్న పాత వాదన నాకు రుచించదు. రాఘవ అడిగిన నటన చిన్న హాలు, మంచి వెలుగు, శ్రద్ధగా వినే జనం ఉంటేనే పూర్తిగా పండుతుంది. ఆయన దీపం కంటే ముందు నడిచిన మనిషి.

కరెంటు దీపం నిజంగా కథ చెప్పగలదని మన దేశంలో చూపించినవారిలో నాటకాలకు లైటింగ్ చేసిన కోల్‌కతా తాపస్ సేన్ ముఖ్యులు. 1959లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకంలో బొగ్గుగనిలోకి నీళ్ళు పొంగి కూలీలు మునిగిపోయే దృశ్యాన్ని నీటి చుక్క లేకుండా వెలుగుతోనే చేశారు. ఆ రోజుల్లో చాలాచోట్ల ఖరీదైన డిమ్మర్లు లేవు. కుండలో ఉప్పునీళ్ళు పోసి, రెండు లోహపు రేకులు ముంచి, రేకును పైకి లాగితే లైటు తగ్గేలా, దించితే పెరిగేలా చేసుకునేవారు. చేయి జారితే ప్రాణం పోయే పని. అలాంటి కుండల పక్కన కూర్చుని తెల్లవార్లూ సూర్యోదయాలు చేసినవాళ్ళున్నారు.

ఇప్పటి పరిషత్తు నాటకాల (పోటీ నాటకాల) దగ్గర నాకు కనిపించే చిక్కు ఇది. నటుడు ఒకప్పుడు కాగడాకు కట్టుబడ్డాడు, ఇప్పుడు మైకుకు కట్టుబడ్డాడు. వేలాడే రెండు మైకుల కింద ముగ్గురు పాత్రధారులు గుమిగూడి నిలబడిపోతారు, మిగతా రంగమంతా ఖాళీ. గొంతు పెంచాల్సిన పని మైకు తీసేసుకున్నా రాగం పాత కొలతలోనే సాగుతుంది. పైన చౌకరకం ఎల్‌ఈడీలు ఎరుపు, పచ్చ, నీలం కలిపి తెలుపు చేస్తాయి, ఆ తెలుపులో ఒంటిరంగు పాలిపోతుంది. దాన్ని కప్పడానికి మేకప్ ఇంకాస్త మందంగా వేస్తారు. ఫోన్ కెమెరా ఆ మందాన్నే పట్టి ఊరంతా చూపిస్తుంది.

సురభివాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోవాలంటే తీగ కనపడకూడదు. వెనక తెర ముదురు రంగులో ఉండాలి, వెలుగు తీగ మీద నేరుగా పడకూడదు. ముందు వరసలో ఒకరు ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే తీగ తళుక్కుమంటుంది.

పద్యనాటకం ఆడే మిత్రులను నేను అడిగేది చిన్న పని. గ్రీన్ రూములో ట్యూబ్‌లైటు కింద వేసుకున్న రంగుతో నేరుగా తెర వెనక్కి వెళ్ళకండి. ఆట మొదలయ్యే గంట ముందు, ఆ రాత్రి వాడబోయే లైట్లన్నీ వేయించి, కిరీటంతో సహా రంగం మధ్యలో నిలబడండి. మీ మేకప్ ఆయన్ని పదో వరసలో కూర్చోబెట్టి, ముఖంలో ఏం కనపడుతోందో, ఏది ఎక్కువైందో అక్కణ్ణుంచి గట్టిగా చెప్పమనండి.